దెబ్బ తినని ముక్క

మాస్టారి వీడ్కోలు ఫోటో పదకొండు గంటలకు తీయాలనుకున్నాం. పదకొండూ పది అయ్యేసరికి ఆయన ముక్కు పగిలింది, మొండోడని మేం పేరు పెట్టిన విద్యార్థి పెదవి చిట్లింది, మధ్యలో తగుదునమ్మా అని దూరినందుకు నా కళ్ళజోడు రెండు ముక్కలైంది. ఫోటో తీయడానికి వచ్చినతను స్టాండు చంకన పెట్టుకుని గేటు దాకా పరుగెత్తాడు. ఏడాది పాటు చదువు చెప్పిన మనిషిని సాగనంపే పద్ధతి ఇదేనా అని ఎవరైనా అడగొచ్చు. ఆయన చెప్పిన చదువు ఎలాంటిదో తెలిసినవాళ్ళు మాత్రం అడగరు.

ఆయన వెల్డింగ్ మాస్టారు. నేను అదే వృత్తి విద్యా బడిలో లేత్ మెషిన్ నేర్పుతాను. ఇద్దరికీ అది పరాయి దేశమే. నేను వెళ్ళి ఆరేళ్ళయింది, ఆయన ఏడాది ఒప్పందం మీద వచ్చారు. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఇంటి మేడ మీద ఒకే గదిలో ఉన్నాం. రెండు మంచాలు, ఒక స్టవ్వు, బట్టలారేసుకోవడానికి అడ్డంగా కట్టిన ఒక తాడు. విద్యార్థుల భాష ఆయనకు రాదు, తెలుగు వాళ్ళకు రాదు. అందుకని ఏడాదంతా నేనే ఆయన నోరయ్యాను. తిట్లు మాత్రం తర్జుమా చేయలేదు. అవసరం పడలేదు, అవి నాకంటే ముందే వాళ్ళకు చేరిపోయేవి.

ఆయన పాఠం సమ్మెటతో మొదలై సమ్మెటతో ముగిసేది. విద్యార్థి రెండు ఇనప పలకల్ని అతికి తెస్తే, దాన్ని బెంచి మీది వైస్‌లో బిగించి నాలుగు కిలోల సమ్మెటతో కొట్టేవారు. అతుకు విరిగితే ఆ ముక్కను వాడి కాళ్ళ ముందుకు విసిరి "ఫెయిల్" అనేవారు. అతుకు నిలిచి పలకే వంగిపోతే "పాస్". ఆ రెండు మాటలకీ నా సాయం అక్కర్లేదు. పొడుగమ్మాయి అని మేం పిలుచుకునే విద్యార్థిని ఒకతె పక్కనే నిలబడి రిజిస్టర్లో రాసుకునేది. మొదటి నెలలో పదహారు మంది చేసినవాటిలో ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. విరిగిన ముక్కలు షెడ్డు వెనక మోకాలెత్తు గుట్టయ్యాయి. ఆ చప్పుడు వింటే చదువు చెబుతున్నట్టుండేది కాదు, లోపల ఎవర్నో చావబాదుతున్నట్టుండేది.

మొండోడి గొడవ అప్పటిదే. వాడికి ఇరవై రెండేళ్ళు, మనిషి దిట్టం, మాట తక్కువ. వరసగా నాలుగో ముక్క కూడా విరిగేసరికి సిగ్గుతో నవ్వాడు. ఆ నవ్వు వెక్కిరింత అనుకుని మాస్టారు చెంప ఛెళ్ళుమనిపించారు. వాడు రేకు పైకెత్తి పెట్టుకున్న వెల్డింగ్ హెల్మెట్ తీయకుండానే తలతో ఎదురు పొడిచాడు. మాస్టారి కనుబొమ మీద అయిదు కుట్లు పడ్డాయి. ప్రిన్సిపాల్ వాణ్ణి బడి నుంచి పంపేస్తానన్నాడు. తలకు కట్టుతో మాస్టారు ఆఫీసు గదిలోకి వెళ్ళి, "వాడు రేపు రాకపోతే నేనూ రానని చెప్పు," అన్నారు నాతో. చెప్పాను. మర్నాడు వాడే అందరికంటే ముందొచ్చి షెడ్డు తాళం కోసం నిలబడ్డాడు. అలాగని ఇద్దరికీ స్నేహం కుదిరిందనుకోవద్దు. ఏడాదంతా ఒకరి మొహం ఒకరు చూసినప్పుడల్లా పళ్ళు నూరుకున్నారు. కాకపోతే వాడి అతుకు విరగడం మానేసింది.

ఆ షెడ్డులో సమ్మెట దెబ్బ తినని ముక్క ఒక్కటే ఉండేది. మాస్టారు వచ్చిన మొదటి రోజున చేసిన బ్రాకెట్ అది, బల్లల కింద ఆసరాగా పెట్టే మూల ముక్క. ప్రయాణం బడలిక తీరకుండానే, అంతకుముందు చూసైనా ఎరగని మెషిన్ దగ్గరికి వెళ్ళి, బొటనవేలి మందం పలకలు రెండు తీసుకుని అయిదు నిమిషాల్లో అతికి చూపించారు. జడ అల్లినట్టుంది అతుకు. అందరూ చప్పట్లు కొట్టారు. పొడుగమ్మాయి దాన్ని తీగతో రిజిస్టర్ల బీరువా పక్కన వేలాడదీసింది. ఇక ఏడాదంతా అదే కొలబద్ద. ముక్క విరిగినప్పుడల్లా మాస్టారు సమ్మెట పిడితో దానివైపు చూపించేవారు. దాన్ని కూడా ఒక దెబ్బ కొట్టి చూద్దామని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

ఒక ఆదివారం ఆయన బియ్యం కడుగుతుంటే అడిగాను. "ఎందుకు మాస్టారూ అంత కసి? ఇనుమేగా."

"మా బావా నేనూ ఒకే చోట పనిచేసేవాళ్ళం తమ్ముడూ," అన్నారు. "ఎత్తు గోడకి సున్నం వెయ్యడానికి బల్ల వేలాడదీశాం. నాలుగు బ్రాకెట్లు. రెండు నేను అతికా, రెండు బావ అతికాడు. ఎక్కడం మాత్రం బావే ముందెక్కాడు. ఒకటి ఊడింది."

"ఎవరు చేసింది?"

బియ్యంలో ఆయన చెయ్యి ఆగింది.

"బావదే. నాది విరగదు."

విచారణకొచ్చిన ఇంజనీరుకూ ఆ మాటే చెప్పారట. ఆసుపత్రి ఆవరణలో, బావ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడిన తన అక్క వింటుండగానే చెప్పారట. తన పనితనం లోపం వల్ల తనే చచ్చిన మనిషని పదిమందీ అన్నారు. మేనకోడలికి అప్పుడు నాలుగేళ్ళు, ఇప్పుడు కాలేజీలో ఉంది. నాన్న ఎలాంటివాడని అది అడిగినప్పుడల్లా "మంచోడేనమ్మా, తొందర మనిషి," అని చెబుతూ వచ్చానన్నారు. ఆయన అబద్ధమాడుతున్నట్టు నాకనిపించలేదు. మనస్ఫూర్తిగా నమ్మే అంటున్నారు. నమ్మారు కాబట్టే ఆ తర్వాత కనిపించిన ప్రతి అతుకునీ పగలగొట్టి చూసుకున్నారేమో అని ఇప్పుడనిపిస్తుంది.

అక్క మాత్రం ఆ రోజు నుంచి తమ్ముడితో మూడు ముక్కలే మాట్లాడేది. ప్రతి ఆదివారం ఫోను. తిన్నావా, ఆరోగ్యం బాగుందా, ఉంటాను. అంతే. "ఇదివరకు నోరు తెరిస్తే ఒరేయ్ అనేది. పదిహేనేళ్ళయింది తమ్ముడూ, ఆ పిలుపు విని," అన్నారాయన. ఏడాది అయ్యాక ఇంటికి వెళ్ళి ఎలాగైనా అక్కతో ఒరేయ్ అనిపించుకోవాలి. ఆయన కోరికల్లా అదొక్కటే. దానికోసం అక్కకు ఒక శాలువా, మేనకోడలికి ఒక చేతి గడియారం కొన్నారు. శాలువాతో అయ్యే పనేనా అని నాకు లోపల అనుమానం.

చివరి నెలలో పిల్లలకు అసలు పని ఒకటి అప్పగించారు. బడి ఆవరణలోంచి మేడ మీది క్లాసుకి ఇనప మెట్లు. పద్దెనిమిది మెట్లు, పైన గుమ్మం ముందు పదిమందికి పైగా నిలబడేంత బల్ల. సమ్మెట పడకుండా రంగు పడకూడదన్నది షెడ్డు నియమం. ప్రతి అతుకూ మాస్టారు కొట్టి చూసి, రిజిస్టర్లో ఎక్కాకే బ్రష్షు ముట్టుకోవాలి. అయితే చివరి రెండు రోజులూ మాస్టారు టిక్కెట్టు, కాగితాల పని మీద ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఆ రెండు రోజుల్లో పిల్లలు పని పూర్తి చేసి, ఆయన మీద ప్రేమ కొద్దీ చక్కగా నీలం రంగు కొట్టేశారు. ఆ మెట్లెక్కి, పైన బల్ల మీద ఆయన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో దిగాలని వాళ్ళ సరదా. పైన బల్ల కింద మూల బ్రాకెట్‌గా ఏం వాడారో నాక్కూడా చెప్పలేదు.

ఆ రోజు మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. వెనకే మా ఇంటి యజమాని బస్సు పెద్దాయన, తన పాత యూనిఫారం కోటులో. ఏడాదంతా ఇద్దరూ సాయంత్రాలు ఒకరి మాట ఒకరికి అర్థం కాకుండానే పులీమేకా ఆడారు, అర్థం కాకుండానే దెబ్బలాడుకున్నారు. సాయంత్రం ఆ పెద్దాయన కార్లోనే మాస్టారు విమానాశ్రయానికి వెళ్ళాలి. పిల్లలు చప్పట్లు కొడుతూ దారిచ్చారు. పొడుగమ్మాయి పూలగుత్తి పట్టుకుని ముందుకొచ్చింది.

మాస్టారు పూలు చూడలేదు. మెట్లు చూశారు. మొహం నల్లబడింది.

"రంగెవడు వేశాడు?"

నేను తర్జుమా చేసేలోపే షెడ్డులోకి వెళ్ళి సమ్మెటతో వచ్చారు. మొదటి దెబ్బ కింది మెట్టు మీద పడింది. నీలం పెచ్చులు లేచి పొడుగమ్మాయి పూల మీద పడ్డాయి. రెండో దెబ్బకి మెట్ల పక్క పట్టాలు ఖణేల్మన్నాయి. రాత్రింబవళ్ళు కష్టపడి చేసిన బహుమతిని ఇచ్చినవాళ్ళ కళ్ళ ముందే బాదుతుంటే ఎవరికి మాత్రం మండదు? పిల్లలు కేకలేశారు. ప్రిన్సిపాల్ చేతులూపుతూ వచ్చి, సమ్మెట వెనక్కి లేచేసరికి అంతే వేగంగా వెనక్కి వెళ్ళాడు. మూడో దెబ్బకి మొండోడు వచ్చి మాస్టారి కాలరు పట్టుకున్నాడు.

"వదల్రా," అన్నారు మాస్టారు.

వాడు వదల్లేదు. ఈసారి హెల్మెట్ లేకుండానే తలతో కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. మాస్టారు సమ్మెట కింద పడేసి మోచేత్తో వాడి మూతి మీద ఒక్కటిచ్చారు. ఇద్దరూ కలబడి ఇనప రజను మీద దొర్లారు. నేను విడదీయబోయి ఎవరి మోకాలో తగిలి కూలబడ్డాను. బస్సు పెద్దాయన మాస్టారి కాలు పట్టుకుని లాగితే ఒక బూటు ఊడొచ్చింది, అది పట్టుకుని ఆయన అలాగే నిలబడిపోయారు. మాస్టారు వాడి గొంతు మీద ముంజెయ్యి పెట్టారు, వాడు ఆయన చెవి మెలితిప్పాడు. ఇస్త్రీ చొక్కా ముందు భాగమంతా ఎర్రగా తడిసింది. చంపుకుంటారేమోనని నేను నిజంగానే భయపడ్డాను.

కాలిన ఇనుము చల్లార్చే బకెట్టుడు మురికి నీళ్ళు తెచ్చి పొడుగమ్మాయి ఇద్దరి నెత్తినా పోసింది. మాస్టారు దగ్గుతూ లేచి కూర్చున్నారు. ఆమె ఏడుస్తూనే తోటివాళ్ళ వైపు తిరిగింది.

"కొట్టనివ్వండి," అంది. "తప్పు మనది. దెబ్బ పడకుండా రంగేశాం. ఇవాళ ఇక్కడ అందరం ఒకేసారి ఎక్కేవాళ్ళం కదా."

నేను ఆ మాటలు మాస్టారికి తెలుగులో చెప్పాను. ఆయన ముక్కులో చేతిరుమాలు కుక్కుకుని సమ్మెట అందుకున్నారు.

ఆ తర్వాతి అరగంట నేను మర్చిపోలేను. ఒక్కో అతుకు దగ్గరికీ వెళ్ళడం, కొట్టడం. రంగు లేచిపోతోంది, రక్తం బొట్లు బొట్లుగా మెట్ల మీద పడుతోంది. ఆయన "పాస్" అనడం, పొడుగమ్మాయి రాసుకోవడం. పది, ఇరవై, ముప్ఫై. ఒక్కటీ విరగలేదు. మొండోడు చేసినవి ఏవో మాస్టారికి చూడగానే తెలుసు, వాటికి రెండేసి దెబ్బలు పడ్డాయి. అవీ నిలిచాయి. కోపంతో బిగుసుకున్న పిల్లల మొహాలు నెమ్మదిగా మారాయి. ఆఖరి మెట్టు దగ్గర "పాస్" అన్నప్పుడు ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. మాస్టారు పళ్ళకంటిన రక్తంతోనే నవ్వారు. ఏడాదిలో అంత హాయిగా నవ్వడం నేను చూడలేదు.

పైన బల్ల కింద మూల బ్రాకెట్ ఒకటి మిగిలింది. మాస్టారు సమ్మెట ఎత్తగానే మొండోడు అడ్డం వచ్చాడు. చిట్లిన పెదవితో నాకేదో చెప్పాడు.

"మాస్టారూ, అది మీదేనట," అన్నాను. "బీరువా పక్కన వేలాడదీసిన ముక్క. మీ చేతి పని ఇక్కడ ఉండిపోవాలని వాడే తీసుకొచ్చి పెట్టాడట."

మాస్టారు వాడి వైపు చూశారు. కళ్ళు తడయ్యాయి. పళ్ళు నూరుకున్న ఏడాదంతా ఆ ఒక్క చూపులో కరిగిపోయిందనుకున్నాను. సమ్మెట దించేశారు.

"నాదైతే కొట్టక్కర్లేదు," అన్నారు. "నాది విరగదు. ఫోటో వాణ్ణి పిలవండి."

అది నేను తర్జుమా చేయకుండా ఉండాల్సింది. చేశాను. మొండోడి మొహం మళ్ళీ బిగుసుకుంది.

"మావి కొట్టారు. మీదీ కొట్టాలి," అన్నాడు వాడు.

పదహారు మందీ అలాగే చూస్తున్నారు. వాళ్ళకు ఏడాదంతా నేర్పింది అదే మరి. మాస్టారు సమ్మెట వాడికే అందించారు. "నువ్వే కొట్టరా. ఆ చెంపదెబ్బ నాటి కోపం కూడా కలిపి కొట్టు."

మొండోడు బలమంతా పెట్టి కొట్టాడు. మొదటి దెబ్బకి రంగు రాలింది. రెండో దెబ్బకి బ్రాకెట్ టప్పుమని విరిగి, పలక ఒకటి కింద సిమెంటు మీద పడి గిర్రున తిరిగింది. పైన బల్ల మూల జానెడు కిందికి వాలింది.

గెలుపు కనిపిస్తుందేమోనని మొండోడి మొహంలోకి చూశాను. వాడు సమ్మెట వదిలేసి రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

మాస్టారు వంగి ముక్క తీసుకున్నారు. విరిగిన వైపు వెలుగుకు పట్టుకుని చూశారు. నేనూ చూశాను. పైన జడ అల్లినట్టున్న అతుకు, లోపల పలక కోసినప్పటి రంపపు గీతలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. ఇనుము కరగనే లేదు. తెలియని మెషిన్ మీద, తన ప్రతాపం చూపించే తొందరలో పైపైన పోసిన పోత. ఆ బల్ల మీద పద్దెనిమిది మందిమి నిలబడి నవ్వుతూ కెమెరా వైపు చూసేవాళ్ళం.

"రాయి," అన్నారు పొడుగమ్మాయితో.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"రాయమను తమ్ముడూ. నా పేరెట్టి రాయమను. ఫెయిల్."

రాసింది. అక్షరాలు వంకరపోయాయి. మాస్టారు ఆ పేజీ వంక చాలాసేపు చూశారు. తర్వాత నాతో, ఇంకెవరికీ అర్థం కాని మన భాషలో, చాలా మామూలుగా అన్నారు. "తొందర మనిషిని నేనే తమ్ముడూ. బావ కాదు."

కొత్త బ్రాకెట్ మొండోడు చేశాడు. గంట పట్టింది. ముక్కుతో ఊపిరాడక నోటితో పీలుస్తూ మాస్టారు పక్కనే స్టూలు మీద కూర్చున్నారు. పూర్తయ్యాక నాలుగు దెబ్బలు కొట్టారు. పలక వంగింది, అతుకు నిలిచింది. అప్పుడు సమ్మెటను మొండోడి చేతిలో పెట్టి, వాడి మెడ పట్టుకుని దగ్గరికి లాక్కుని, తలకు తల ఆనించారు. వాడి భుజాలు అదిరాయి. వాడు ఏడవడం నేను చూసింది అదొక్కసారే. ఫోటో అతను మళ్ళీ వచ్చాడు. ఆ ఫోటో నా దగ్గరుంది. ఉబ్బిన ముక్కు, చిట్లిన పెదవి, చొక్కాల మీద రక్తం, ఒంటి బూటుతో మాస్టారు. పెళ్ళి ఫోటోల్లో కూడా అంత బిగించి పట్టుకుని ఎవరూ నిలబడరు.

సాయంత్రం కారెక్కే ముందు ఆయన పెట్టె తెరిచి, మూడు చొక్కాలు తీసి నా మంచం మీద పడేసి, ఆ జాగాలో విరిగిన పలక పెట్టబోయారు. మళ్ళీ ఏమనుకున్నారో తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సు పెద్దాయన దారంతా ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చెయ్యి మాస్టారి భుజం మీద వేసి నడిపారు. ఇన్నేళ్ళ డ్రైవరు అలా నడపడం తప్పని ఆయనకు తెలియదా.

సగం దారిలో మాస్టారు ఫోను తీశారు, వెనక సీట్లో ఉన్న నాకూ అవతలి గొంతు వినబడుతోంది. ఆదివారం కాదు. అక్క వెంటనే ఎత్తింది.

"తిన్నావా," అంది.

"అక్కా, బావ పోయిన రోజు ఊడిన బ్రాకెట్ నాదే అయ్యుండొచ్చు."

ఆయన ఆగకుండా చెప్పుకుపోయారు.

"నాది విరగదనుకున్నానక్కా. అందుకే బావది అని చెప్పా. నిజంగా నాకు తెలీదు. ఇవాళ ఇక్కడ నేను చేసింది విరిగింది. అందరి ముందూ విరిగింది. ముక్క నా దగ్గరే ఉంది."

లైను కట్టయిందేమోనని ఆయన ఫోను చెవి దగ్గర్నుంచి తీసి చూసుకున్నారు. కట్టవలేదు. ఎవరో తలుపు వేసిన చప్పుడు, తర్వాత ఊపిరి.

"ఒరేయ్," అంది అక్క.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"నాకెందుకురా చెప్తావు? నేను ఆయన పక్కన బతికినదాన్ని, ఆయన పని నాకు తెలీదా. దిగగానే తిన్నగా నా ఇంటికి రా. నా కూతుర్ని ఎదురుగా కూర్చోబెడతా. దానికి చెప్పు. ఆ ముక్క దాని చేతిలో పెట్టి చెప్పు."

"అది నన్ను..."

"కొడితే కొడుతుంది," అంది. ఫోను పెట్టేసింది.

మాస్టారు ఫోను జేబులో పెట్టుకుని, తువ్వాలు మూట రెండు చేతులతో దగ్గరికి తీసుకున్నారు. ముక్కులోంచి మళ్ళీ కారడం మొదలైంది. నేను దూది ఇవ్వబోతే వద్దన్నట్టు తల ఊపి, బస్సు పెద్దాయనతో, ఏడాదిలో ఆయన నేర్చుకున్న నాలుగైదు పరాయి మాటల్లో ఒకటి అన్నారు. కొంచెం తొందరగా పోనిమ్మని.